టీచర్ల గదిలో నవ్వులు

"నా బడిలో క్రమశిక్షణ మీరే చూస్తారుగా," అంది ప్రిన్సిపాల్ ఎవాంజెలీనా, తన నాయకత్వాన్ని అంచనా వేయడానికి కుస్కో నగరం నుంచి వచ్చిన అధికారితో.

టీచర్ల గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆమె తలుపు తీయగానే టక్కున ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడ్డారు. కొత్త టీచరు యెనీ మొక్కజొన్న కుడుముల పళ్లెం వెనక్కి దాచుకుంది.

"తప్పయింది మేడమ్. నా పుట్టినరోజని అమ్మ పంపింది. ఇప్పుడే క్లాసుకి వెళ్లిపోతాం."

"ఇంకా ఇంటర్వెల్లేగా తల్లీ?" అన్నాడు అధికారి.

అందరూ ప్రిన్సిపాల్ మొహంకేసే చూస్తున్నారు. ఆ చూపుల్లో భయం తప్ప మరేమీ లేదని ఆమెకి మొదటిసారి కనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాకూ ఒకటి పెడతావా అమ్మా?" అంది మెల్లగా.

యెనీ పళ్లెం చాపింది. అది ఒక పక్కకి ఒరిగింది. ఎవరి వంకా తలెత్తి చూడలేక, ఎవాంజెలీనా పళ్లెం కింద తన చెయ్యి ఆసరా పెట్టింది.