దశరథరామయ్య కలిపిన గ్లూకోజు

"ముందు నేను తాగుతాను. నాకేమీ కాకపోతే అప్పుడు మీరు తాగండి," అంటూ హెడ్మాస్టరు జగన్నాథరావు ఇశ్రాయేలు చేతిలోంచి గ్లాసు లాక్కున్నాడు.

అది 1962 వేసవి. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఏటా జరిగే ఆటల్లో ఆ రోజు నందిగామ మైదానంలో సైకిలు పందెం. పొద్దుటి విడతల్లో అందరూ ఓడిపోగా ఆఖరికి ఇద్దరే మిగిలారు. నందిగామ తరఫున లెక్కల మాస్టారు ఇశ్రాయేలు. జగ్గయ్యపేట తరఫున, అక్కడొక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసే దశరథరామయ్య. ఇశ్రాయేలుకి చెంబులో గ్లూకోజు నీళ్ళు కలిపి తెచ్చింది ఆ దశరథరామయ్యే.

పోటీకి దిగినవాడే ఎదుటివాడికి బలం ఇవ్వడం నందిగామవాళ్ళకి మింగుడుపడలేదు. విరేచనాల మందు కలిపాడని కొందరు, నిద్రమందు కలిపాడని కొందరు గుసగుసలాడారు. ఇశ్రాయేలు భార్య కృపావతి అయితే ఆ చెంబు అవతల పారబోయమంది. దశరథరామయ్య నొచ్చుకోలేదు. కొత్త డబ్బాకి మూత అందరి కళ్ళముందే తీశానని గుర్తుచేశాడు.

"మాస్టారు పొద్దుటినుంచీ ఏమీ తినలేదండి. మోకాళ్ళు ఎట్లా వణుకుతున్నాయో చూడండి. ఇట్లా దిగితే మళ్ళీ సగందారిలో కాలు కిందపెట్టేస్తారు. ఈసారి ఆయన నాకంటే ముందు గీత దాటాలని నా కోరిక," అన్నాడు.

సగందారి అన్న మాట ఇశ్రాయేలు గుండెలో గుచ్చుకుంది. కిందటేడు ఆఖరి పందెంలో సరిగ్గా సగందూరం వెళ్ళాక కాళ్ళల్లో సత్తువ చచ్చి, కాలు నేలకి ఆనించేశాడు. ఆనాటినుంచి ఊళ్ళో ఆయన పేరు సగందారి మాస్టారు. పిల్లలు చాటుగా అనేవారు, పాలుపోసే రత్తమ్మ ఎదురుగానే అనేది. చర్చిలో కానుకల పళ్ళెం పట్టమని ఇచ్చిన పెద్దమనిషి కూడా, సగందారిలో దించేయకండి అని నవ్వాడు. ఆ పేరు చెరుపుకోవడానికి ఇశ్రాయేలు ఏడాది పొడుగునా సాయంత్రాలు మునేరు వైపు దారిలో సైకిలు తొక్కాడు. కృపావతి రోజూ ఆయన పిక్కలకి నూనె రాసింది. ఈసారి చూడటానికి పెనుగంచిప్రోలు నుంచి మామగారు శాంతయ్య గొడుగు పట్టుకుని మరీ వచ్చాడు.

జగన్నాథరావు గ్లాసు ఖాళీచేసి కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆయనకి కళ్ళు మూతలుపడలేదు, కడుపులో నొప్పీ రాలేదు. కాసేపటికి లేచాడు. బడిలో కుర్చీ దిగాలంటేనే బద్ధకించే మనిషి, షామియానా తాళ్ళు బిగించాడు. వంకరగా ఉన్న బెంచీలు తనే ఈడ్చి సర్దాడు. కూర్చున్న పెద్దమనుషుల్ని లేపి, ఎత్తు ప్రకారం మళ్ళీ కూర్చోబెట్టాడు. సున్నం గీత నచ్చక ఇంకో గీత గీశాడు.

ఒంట్లో ఎట్లా ఉందని కృపావతి భయంగా అడిగింది.

"పెళ్ళినాటి ఒళ్ళు తిరిగొచ్చినట్టుందమ్మా. ఇంకో గ్లాసు ఉంటుందా?" అన్నాడాయన.

ఇక అనుమానం లేదు. ఇశ్రాయేలు చెంబెత్తి గటగటా తాగాడు. దశరథరామయ్య అభిమానంగా ఒక బెల్లమ్ముక్క కూడా ఆయన బుగ్గన పెట్టించాడు. తను మాత్రం మంచినీళ్ళు పుక్కిలించి ఊసి, సైకిలెక్కాడు.

విజిల్ మోగింది.

మొదట ఇశ్రాయేలు మోకాళ్ళ వణుకు తగ్గింది. ఆ తర్వాత కడుపులోంచి ఏదో వేడి బయలుదేరి తొడల్లోకీ, అక్కణ్ణుంచి పిక్కల్లోకీ దిగింది. ఏడాదిగా బతిమాలితేగాని మాట వినని కాళ్ళు ఇప్పుడు ఆయన మాట కోసం ఆగలేదు. పెడళ్ళు వాటంతటవే తిరుగుతున్నట్టున్నాయి. జగన్నాథరావు గీత పక్కనే పరిగెడుతూ ఏదో అరుస్తున్నాడు. కృపావతి రెండు చేతులూ ఊపుతోంది. వాళ్ళ ఉత్సాహం చూసి ఇశ్రాయేలుకి ఒళ్ళు పులకరించింది. పక్కకి తిరిగి చూస్తే దశరథరామయ్య కనుచూపుమేరలో లేడు.

ఇశ్రాయేలు సగందారి దాటాడు. గీత దాటాడు. ఆ ఊపులో షామియానా కూడా దాటి, బ్రేకు పట్టేసరికి బెజవాడ రోడ్డు మీద ఉన్నాడు.

చెయ్యి పైకెత్తి వెనక్కి వచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శాంతయ్య గొడుగు చంకన పెట్టుకుని బస్సుల వైపు నడుస్తున్నాడు. జగన్నాథరావు తను గీసిన గీత మీదే చతికిలబడి తల పట్టుకున్నాడు. దశరథరామయ్య ఇంకా మైదానంలోనే ఉన్నాడు. చాలాసేపటికి ఆయన గీత దాటగానే జగ్గయ్యపేటవాళ్ళు సైకిలుతో సహా ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. కప్పు ఆయన చేతికే ఇచ్చారు.

పోయేముందు ఆయన ఇశ్రాయేలు దగ్గరికొచ్చి, మిగిలిన గ్లూకోజు డబ్బా చేతిలో పెట్టాడు. మందులో మోసం లేదని ఇప్పటికైనా నమ్మమని కోరాడు. ఇశ్రాయేలు నమ్మాడు.

ఇంటిదారిలో సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే కృపావతి అడిగింది.

"అంత తొందరేమొచ్చిందండీ?"

"కాళ్ళు ఆగలేదే," అన్నాడు ఇశ్రాయేలు.

అది స్లో సైకిల్ పందెం.