వెనక సీటు మోత

అద్దె ఇల్లు ఖాళీ చేసినప్పటి నుంచి ఆ నర్సుకు కారే ఇల్లు. రాత్రంతా నడిపితే గానీ చేరలేని ఊళ్లో కొత్త ఉద్యోగం దొరికింది. చీకటి పడ్డాక, మూసేసిన గోదాము వెనక కారాపుకొని సామాను సర్దుకుంది. స్టార్ట్ చేయగానే మోత మొదలైంది. వెనక ఎవరో సీటు బెల్టు పెట్టుకోలేదని కారు గోల.

"సీటు మీద బరువుంటే అలాగే అరుస్తుందే, తీసెయ్," అంది ఫోన్లో అక్క.

విసుక్కుంటూ దిగి నీళ్ల క్యాను, పరుపు, బట్టల సంచీ అన్నీ డిక్కీలోకి మార్చింది. వెనక ఖాళీ అయింది. మోత మాత్రం ఆగలేదు. సీటు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది. క్యాను బరువుకేమో అనుకుంది.

"ప్రాణం తీస్తోందక్కా! ఇల్లు లేదు, నిద్ర లేదు, ఇప్పుడు దీని సాధింపొకటి!" అంటూ స్టీరింగ్ ముందు కూలబడింది. వెనక్కి తిరక్కుండానే, "ఎవరైతే ఏంటి, ఆ బెల్టేదో పెట్టుకుని చావు!" అని అరిచింది.

వెనక బెల్టు మెల్లగా సాగిన చప్పుడైంది. తర్వాత టిక్కుమంది. మోత ఆగిపోయింది.

ఆమెకు అద్దంలోకి చూసే ధైర్యం చాలలేదు.

"హమ్మయ్య, ఆగిందా!" అంది అక్క. "ఇంక బయల్దేరు, ఆలస్యమవుతోంది."