గీజరు మాట

ఇళ్ళల్లో గీజర్లు మాట్లాడటం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. గుంటూరులో సుభాషిణి ఇంటి గీజరు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడేది. భర్త భద్రయ్య స్నానానికి వెళితే మాత్రం లోపల్నుంచి అరగంట కబుర్లు వినిపించేవి. ఒకరోజు ఆమె ఉండబట్టలేక తలుపు దగ్గర నిలబడి విన్నది.

"కుడి భుజం ఇంకా లాగుతోందా? వేడి పెంచనా?" అంటోంది గీజరు మెత్తటి ఆడగొంతుతో.

"పెంచు. నెల దాటింది, చెయ్యి పైకి లేవట్లేదు" అన్నాడు భద్రయ్య.

సుభాషిణి విసురుగా తలుపు దగ్గర్నుంచి వచ్చేసింది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి తన నొప్పిని గోడకు బిగించిన డబ్బాతో చెప్పుకుంటున్నాడు!

నీళ్ళు సరిగా కాగడం లేదని మర్నాడే మెకానిక్ మస్తాన్‌ను పిలిపించింది. అతను మూత విప్పి, లోపలి కాయిల్‌కు పట్టిన తెల్లటి ఉప్పు పెచ్చులు గీకేశాడు.

"అయిపోయిందమ్మా. ఇంక బాగా కాగుతాయి."

"దాని మాట కూడా తీసెయ్యి."

"అదేందమ్మా! అందరూ ఆ మాట కోసమే కొంటన్నారు గదా?"

"తీసెయ్యమన్నానా?"

మరుసటి రోజు స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. సుభాషిణికి మనసు చల్లబడింది. ఐదు నిమిషాల్లోనే భద్రయ్య బయటికొచ్చాడు.

"గీజరు పలకట్లేదేంది?"

"నేనే తీయించా. భుజం నొప్పి సంగతి నాకెందుకు చెప్పలేదండీ? దానికెట్లా చెప్పారు?"

భద్రయ్య ఎడమ చేత్తో తల తుడుచుకున్నాడు.

"అది అడిగింది, సుభా" అన్నాడు.