గాలికి పెట్టిన ప్లేట్లు

"మీ డాబా మీద ఓ గంటసేపు ఈ ప్లేట్లు పెట్టుకోనిస్తారా?"

చెత్తకుప్ప పక్క వీధిలో పరిశోధన చేసే అమ్మాయి ఆ మాట అడగని గడప లేదు. అక్కడి గాలిలో ఏ క్రిములున్నాయో, అవి ఏ మందుకు లొంగుతాయో ఆ ప్లేట్లలో పట్టి, పెంచి చూస్తేనే తేలుతుంది. తేలితేనే కుప్పను ఎత్తేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్ళు మెలిక పెట్టారు.

"మా ఇంటిమీద క్రిములున్నాయని తెలిస్తే అద్దెకెవరొస్తారు? కొరివితో తల గోక్కోమంటావా?" అని అందరూ తలుపులేసుకున్నారు.

చివరింటి తాత ఒక్కడే కిటికీ సందులోంచి పలికాడు.

"మెట్లు బయటినుంచే ఉన్నాయి. పెట్టుకో. ఇంట్లోకి మాత్రం రాకు."

అందరికీ చెప్పే జాగ్రత్తే ఆయనకూ చెప్పింది. "మూతలు తీసి పెడతాను తాతగారూ. దగ్గర్లో ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. మనిషి క్రిములు పడ్డాయా, అంతా బూడిదలో పోసిన పన్నీరే."

టప్పున కిటికీ మూసుకుంది.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే వరస. ఎండ మాడ్చేస్తున్నా కిటికీలన్నీ బిగించే ఉండేవి. ఓసారి గొంతెండిపోయి తలుపు తట్టింది.

"తాతగారూ, కాసిని మంచినీళ్ళిస్తారా?"

"పక్కింట్లో అడుగు!"

ఆమెకు ఒళ్ళు మండింది. మనిషి పొడే గిట్టదు కాబోలు అనుకుంది. చిటపటల తాత అని పేరు కూడా పెట్టుకుంది.

ల్యాబ్‌లో ఆ ప్లేట్ల నిండా క్రిములు పెరిగాయి. వాటి మధ్య మందు అద్దిన కాగితపు బిళ్ళలు పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ కనబడాలి. చాలా బిళ్ళల చుట్టూ ఆ ఖాళీ లేదు.

"ఇవి ఇంట్లోవాళ్ళ దగ్గులోంచి వచ్చాయేమో?" ఆఫీసులో అడగనే అడిగారు.

"ఆ ఇంట్లో ఉండేది ఒక్కరే. నేనున్నంతసేపూ కిటికీ కూడా తెరవరు. కుప్ప దగ్గరి గాలిలోనూ ఇవే దొరికాయి," అంది.

కుప్ప ఎత్తేయమని ఆర్డరొచ్చింది. కోపమంతా మరిచిపోయి, ముందుగా తాతకే చెప్పాలని పరుగున వచ్చింది.

తలుపుకి తాళం.

"పోయారమ్మా, మొన్ననే," అంది పక్కింటావిడ. "ఊపిరితిత్తుల జబ్బు. ఏ మందూ పనిచెయ్యలేదు. డాక్టర్లు చేతులెత్తేశారు."

"జబ్బా? నాకెప్పుడూ దగ్గు వినపడలేదే!"

"ఎలా వినపడుతుంది? కిటికీ తెరవకపోతే ఊపిరాడని మనిషి, నువ్వొచ్చిన రోజు మాత్రం అన్నీ బిగించుకుని, నోటికి దిండు అదుముకుని కూర్చునేవారు. ఎందుకండీ ఈ నరకం అని అడిగాను."

"ఏమన్నారు?" అంది ఆ అమ్మాయి.

"'నా దగ్గు ఆ పిల్ల ప్లేట్లలో పడిందంటే, నేరం నా నెత్తిన వేసి కుప్పను వదిలేస్తారమ్మా' అన్నారు."