పించి నడక

అడవి అంచున చదును నేల మీద నెమలి తాత పిల్లలకు తాళం నేర్పుతున్నాడు. "తక ధిమి, తక ధిమి" అంటూ అందరినీ గుండ్రంగా నడిపిస్తున్నాడు. పుట్టుకతోనే ఒక కాలు పొట్టిగా ఉన్న పించి మాత్రం ప్రతిసారీ వెనకబడుతోంది.

"నువ్వు పక్కన కూర్చోమ్మా. ఆట చెడిపోతోంది," అన్నాడు తాత.

పించి తల వంచుకుని కుంటుకుంటూ పొద వైపు నడిచింది. అక్కడ గింజలు ఏరుకుంటున్న కౌజుపిట్ట ఆ అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"తకిట, తకిట... ఎంత బాగుందే నీ నడక! నాకూ నేర్పవూ?" అంటూ దాని వెనకే గెంతింది.

అది చూసి పిల్లలందరూ వచ్చి వరసలో చేరారు. చివరికి తాత కూడా వచ్చాడు. రెండడుగులు వేసేసరికి ఆయన కాళ్లు తడబడ్డాయి.

పించి ఆగి వెనక్కి చూసింది. "తాతా, నీకు వచ్చేదాకా మెల్లగా వేద్దాంలే," అంది.