రసీదు అడిగినవా బిడ్డా?

బీరువాలో గౌతమి ఫైలు లేదు.

పదో తరగతి మార్కుల జాబితా మొదలు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా, ఆమె సంపాదించుకున్నదంతా ఆ నీలం ఫైలులోనే ఉంది.

"ఏడాది అయినంక ఇస్తమమ్మా. భద్రంగ ఉన్నయి, కావాలంటే చూసుకో" అంటూ దర్జాగా బీరువా తలుపు తెరిచాడు ఆసుపత్రి మేనేజరు ఉమాపతి. లోపలికి చూసేసరికి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏది సార్?"

"ఇక్కడనే పెట్టిన..."

"మూడు రోజుల సంది బతిమాలుతున్న. రేపు పది గంటలకు ఉప్పల్ల పెద్దాసుపత్రిల వెరిఫికేషన్. ఈ ఉద్యమం బందుల నడుమ ఎట్లనో ఆ తారీఖు దొరికింది. ఒరిజినల్స్ చూపెడితేనే ఆర్డర్ చేతికిస్తరు. లేకుంటే లిస్టుల నా ఎనకున్న పిల్లకిస్తరు!"

"మా దగ్గర చేరి నెల కాలే, అప్పుడే ఇంకోటి చూసుకున్నవా?"

"చేరుడేంది సార్? ట్రయల్ అన్నరు. ఆర్డర్ ఇయ్యలే. కాయితాలు మాత్రం మొదటి రోజే గుంజుకున్నరు!"

నాచారంలోని ఆ ఇరవై పడకల ఆసుపత్రి పద్ధతే అది. కొత్తగా పాసైన పిల్ల గుమ్మం ఎక్కగానే ఒరిజినల్స్ తీసుకుంటారు. ఇంకో చోటికి కదలకుండా ముందరి కాళ్లకు బంధం వేస్తారు. అదేమని అడిగితే, "అన్ని చోట్లా ఇంతే" అంటారు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గరనే. పొద్దున గది తుడిచేటప్పుడు శాంతాబాయికిస్త."

శాంతాబాయి! గౌతమికి ఒళ్లు మండిపోయింది.

ఆ ముసలి ఆయా మొదటి రోజు నుంచీ అంతే. తను ఫైలు ఉమాపతి చేతికిస్తుంటే, నేల తుడవడం ఆపి మరీ, "రసీదు అడిగినవా బిడ్డా?" అంది.

మొన్నటికి మొన్న, "మూడో నంబరు తాతకు చెయ్యి వాస్తున్నది. సూది నరంలకెల్లి జరిగింది. తీసి అవతలి చేతికి పెట్టు" అంది.

"నర్సు నువ్వా, నేనా?" అని కసిరింది గౌతమి.

వెళ్లి చూస్తే చెయ్యి నిజంగానే వాచి ఉంది. ఏళ్ల తరబడి చూసి చూసి నేర్చుకుని ఉంటుందిలే అనుకుంది.

ఇప్పుడు వరండాలో బకెట్టుతో ఎదురొచ్చిన శాంతాబాయికి అడ్డంగా నిలబడింది.

"నా ఫైలేది?"

"నా తాన లేదు బిడ్డా."

"సంచి చూపెట్టు!"

శాంతాబాయి భుజాన ఉన్న సంచిని బెంచీ మీద బోర్లించింది. టిఫిను డబ్బా, కళ్లజోడు, నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితాన్ని గౌతమి విప్పి చూడలేదు. ఆమె వెతుకుతున్నది ఫైలు కోసం.

"బీరువలకెల్లి తీసింది నువ్వేనా, కాదా? అది చెప్పు!"

వెనకాలే వచ్చిన ఉమాపతి అందుకున్నాడు.

"సూసినవా, మాట పడిపోయింది!" ఉమాపతి అరుపుకు వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. "తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవా? రేపటి సంది రాకు!"

ముసలామె ఒక్కో వస్తువూ సంచిలో సర్దుకుంది.

"జల్ది రూముకు పో బిడ్డా. ఏడ్సుడెందుకు?" అంది మెల్లగా.

"నీ మొఖం నాకు చూపెట్టకు! ఒక నర్సు కడుపు కొట్టి నువ్వేం బాగుపడ్తవ్?"

ఆ మాటకు మాత్రం శాంతాబాయి ఆగింది. తర్వాత బకెట్టును గోడవారగా పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఉప్పల్‌లో గౌతమి అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు కౌసల్యమ్మ, ఏడుస్తూ వచ్చిన పిల్లను గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏందే, ఏమైంది?"

"నా ఫైలు పోయిందమ్మా!"

"యాడ పోయింది? నా తాన ఉంటే! పొద్దున నువ్వు డ్యూటీకి పోయినంక ఒక ముసలామె, ఫైలుల ఉన్న అడ్రసు పట్టుకుని తెచ్చిచ్చింది. పిల్ల చేతికే ఇయ్యి, ఆసుపత్రిల ఎవ్వరికీ చెప్పకు అన్నది."

నీలం ఫైలు. ఒక్క కాగితం కూడా తగ్గలేదు.

"మస్తు హుషారు మనిషే తల్లీ! ఏడు కాయితాలు ముట్టినయని నాతోని రసీదు రాయించుకుంది. నాలుగు మడతలు పెట్టి సంచిల ఏసుకుంది."

ఆ నాలుగు మడతలు గౌతమి కళ్లారా చూసింది. నోరు విప్పితే ఉమాపతి ఫైలు కోసం మళ్లీ వెంటపడతాడని, దొంగతనం నెత్తిన వేసుకుని వెళ్లిపోయింది ఆ మనిషి.

ఆటో ఎక్కి నాచారం పరుగెత్తింది. బస్టాపులో ముసలామె లేదు. ఆఫీసు గదిలో ఉమాపతి ఉన్నాడు.

"శాంతాబాయి ఇల్లెక్కడ సార్?"

"కీసర దిక్కు ఎక్కడనో. ఎవలు సూసిన్రు? దొంగదానితోని నీకేం పని?"

"ఇన్నేండ్లు ఊడిపిచ్చుకున్నరు, ఇల్లు తెల్వదా? ఆమె దొంగ కాదు. నా కాయితాలు నా ఇంటికే చేర్చింది. చేర్చినట్టు రసీదు కూడ రాయించుకున్నది!"

రసీదు అన్న మాట చెవిన పడగానే ఉమాపతి ముఖం పాలిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక ఆయాకు రసీదు మీద గింత పట్టింపు ఎందుకు సార్?" రెట్టించింది గౌతమి.

అతను ఖాళీ బీరువా వంక చూశాడు.

"ఆయా కాదమ్మా. ఈ ఆసుపత్రి తెరిచిన నాడు చేరిన మొదటి నర్సు. ఆమె కాయితాలు పోగొట్టినోణ్ణి నేనే, 'మాకియ్యనే లేదు, రసీదేది' అన్నోణ్ణీ నేనే. కాయితాలు లేవని ఇంకెక్కడా ఆమెను నర్సుగ తీసుకోలే. ఎప్పటికన్నా దొరుకుతయేమోనని, పదహారేండ్ల సంది రోజూ ఈ బీరువా తుడుస్తనే ఉంది."