ఎర్ర ముఖమల్ గుడ్డ

పెళ్లి ఊరేగింపులకు మంగరాజు తిప్పే తెల్లగుర్రాన్ని పోయిన వారం కొబ్బరితోట చివర సున్నం పోసి పాతిపెట్టారు. దానికి గ్లాండర్స్ జబ్బు. ముక్కులోంచి పచ్చటి చీమిడి కారుతూ, పిల్లికూతలతో ఊపిరి పీల్చేది.

"మనుషులకీ అంటుకుంటుందండి. దాని మీద వేసినవన్నీ కాల్చేయండి," అని పశువుల డాక్టరు మరీ మరీ చెప్పారు.

"ఆయ్," అన్నాడు మంగరాజు. జీను, పగ్గాలు కాల్చాడు. పెళ్లికొడుకు కింద పరిచే ఎర్ర ముఖమల్ గుడ్డని కాల్చడానికి మాత్రం మనసొప్పలేదు. ఉతికి అటక మీద దాచాడు.

ఈ రాత్రి అరుగు మీద పడుకున్నవాడికి అదే పిల్లికూత వినిపించింది. టార్చి పట్టుకుని గుర్రప్పాకలోకి వెళ్లాడు. అక్కడ ఏ చప్పుడూ లేదు. తోట చివరికి పరిగెత్తాడు. దెయ్యమైనా సరే, ఆ ఊపిరి గుర్రానిదే కావాలని మొక్కుకుంటూ మట్టికి చెవి ఆనించాడు. మట్టి చల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

వెనక్కి వచ్చేసరికి గుమ్మంలో భార్య బేబి నిలబడి ఉంది. పిల్లికూత ఆమె వెనక గదిలోంచి వస్తోంది.

"పాపకి పడిశం తగ్గట్లేదండి. మెత్తగా ఉందని రోజూ అటక మీది ఎర్రగుడ్డే కప్పుతున్నాను. ఉతికిందే కదండీ?"

మంగరాజు చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. దాన్ని పాప ముఖం వైపు తిప్పలేకపోయాడు.